తాబేలుకు తవుడు సంచి

మొన్న వట్లూరులో మా పెదనాన్న కొడుకు ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిస్తే అమ్మా నేనూ వెళ్ళాం. చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టామో లేదో, ఎదురుగా గాజు గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో గులాబీ రేకులు, రేకుల మధ్య ఇత్తడి తాబేలు. ఉత్తరం వైపు మూతి పెట్టుకుని కూర్చుంది. ఈ మధ్య ఎవరింటికి వెళ్ళినా ఇదే తంతు. ఇల్లంతా వెతికినా ఒక్క పుస్తకం కనపడదు గానీ తాబేలు మాత్రం తప్పకుండా ఉంటుంది. వదిన నన్ను చూసి నవ్వుతూనే, "కొంచెం పక్కకి జరగండి, దాని చూపుకి అడ్డం నిలబడకూడదంటండి" అంది. దాని చూపట! ఇత్తడి ముద్దకి చూపు! నేను ఏదో అనబోయేసరికి అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. హాల్లో సోఫా మధ్యలో పెదనాన్న కూర్చుని ఉన్నాడు. మనిషి వడిలిపోయాడు గానీ గొంతు అలాగే ఉంది. చుట్టాలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, "ఈ బొమ్మలు కాదండీ, అసలు తాబేలంటే ఏంటో మీకు తెలీదు. ఏలూరులో మా తమ్ముడింట్లో ఉన్నప్పుడు నిజమైన తాబేలునే పెంచాన్నేను. అది తిండి మానేస్తే నేనే దారిలో పెట్టాను" అని మొదలుపెట్టాడు. ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదని అప్పుడే తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. ఎదురుపడితే పెదనాన్నని 'మీరు' అనే అంటాను, ఆ మర్యాద మా అమ్మ నేర్పింది. ఈ కాగితం మీద మాత్రం నా ఇష్టం.

పెదనాన్నకి కొల్లేటికోట దగ్గర చేపల చెరువులు ఉండేవి. ఉండేవి అంటే, సరస్సులో గట్టు పోసుకుని నాది అన్నాడు, చాలామంది అన్నట్టే. ప్రభుత్వం ఆ గట్లు కొట్టించేసిన ఏడు, నాలుగు బట్టలున్న పెట్టె, ఒక ఏరేటరు మోటారు పట్టుకుని ఏలూరులో మా ఇంటికి వచ్చేశాడు. చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఆ మోటారు ఎందుకు తెచ్చుకున్నాడో ఎవరూ అడగలేదు. పెద్దమ్మ అప్పటికే పోయింది. అన్నయ్య హాస్టల్లో చదువుతున్నాడు. "నాలుగు రోజులుండి పోతానురా" అన్నాడు మా నాన్నతో. ఆ నాలుగు రోజులూ ఏళ్ళుగా సాగాయి. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ముందు గది నాది, ఆయన వచ్చాక ఆయనదైంది. నా మంచం వంటింటి పక్కన సామాన్ల గదిలోకి, బియ్యం డబ్బాల మధ్యకి చేరింది.

ఆ ఇంటి ఉదయాలు నాకు వాసనలుగా గుర్తున్నాయి. చీకటి విడవకుండానే మునిసిపాలిటీ కుళాయి గురగురమనేది. అమ్మ బిందెలు కడిగి వరసగా పెట్టేది. కాలవ నీటికి వేసే మందు వాసన, తడిసిన సిమెంటు వాసన, ఆపైన డికాక్షన్ వాసన. పెదనాన్న లేచి, గొంతు సవరించుకుని, ఆ సవరింపు మూడిళ్ళకి వినపడ్డాక, "అమ్మాయ్, కాఫీ" అనేవాడు. కాఫీ తాగాక పేపరు పైకి చదివేవాడు. చదివేది వార్త కాదు, వార్త మీద తన తీర్పు. రొయ్యల గురించి, వానల గురించి, అమెరికా యుద్ధాల గురించి, ఆయనకి తెలియని సంగతి లేదు. నాన్న కలెక్టరేట్లో గుమాస్తా. ఆఫీసులో ఫైలు ఎలా కదపకుండా కూర్చోవాలో నేర్చుకున్న మనిషి, ఇంట్లోనూ అదే విద్య. అన్నగారు తూర్పుని పడమర అంటే, "అన్నయ్య చెబుతున్నాడు కదా" అని కంచం ముందుకు జరుపుకునేవాడు. అమ్మ అందరికీ వడ్డించి, ఆఖర్న కత్తిపీట పక్కనే నేల మీద కూర్చుని తినేది.

అలా ఉండగా ఒక వాస్తు ఆయన తగిలాడు పెదనాన్నకి. ఏలూరు స్టేషను దగ్గర టీకొట్టులో పరిచయమట. కొట్టుకుపోయిన చెరువులు తిరిగి చేతికి రావాలంటే ఇంట్లో ఉత్తరం గోడ వారగా నీళ్ళు, నీళ్ళలో ప్రాణమున్న తాబేలు ఉండాలన్నాడు. అది సుఖంగా మేత తింటూ ఉంటే కలిసొస్తుంది, తినకపోతే మాత్రం మహా ప్రమాదమన్నాడు. ఎవరి ప్రమాదమో చెప్పలేదు. వారం తిరక్కుండానే పెదనాన్న ఒక రెక్సిను సంచితో దిగాడు. సంచిలోంచి తీసి గచ్చు మీద పెట్టాడు. అరచేతి కంటే కాస్త పెద్దది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు, ఒక్కో బొడిపె మీదా ఒక్కో నక్షత్రం ముగ్గు వేసినట్టుంది. కాళ్ళు మొద్దుగా, గరుకుగా, రోకలి ముక్కల్లా ఉన్నాయి. ఈదే కాళ్ళకి ఉండే పల్చటి తోలు లేదు, అవి నడిచే కాళ్ళని చూడగానే తెలిసిపోతుంది. కొల్లేట్లో పుట్టి, నీటి తాబేళ్ళని వలలోంచి విదిలించి పారేస్తూ పెరిగిన మనిషికి ఆ తేడా కనపడలేదు. నేను అడిగాను కూడా. "పెదనాన్నా, ఇది మన కొల్లేటి తాబేలులా లేదండీ, దీని కాళ్ళు చూడండి." ఆయన నవ్వాడు. ఆ నవ్వంటే నాకు ఇప్పటికీ అసహ్యం. "తాబేలంటే తాబేలేనే పిచ్చిమొహమా. కాళ్ళు చూసి కొంటారేంటి, పెళ్ళి సంబంధమా?" అన్నాడు. నాన్న కూడా నవ్వాడు.

ఇక చూడండి ఆ వైభోగం. పశువులకి కుడితి పోసే సిమెంటు గోళెం ఒకటి తెప్పించి హాల్లో ఉత్తరం గోడ వారగా పెట్టించాడు. అది పట్టడానికి అమ్మ కుట్టుమిషను వీధి వరండాలోకి పోయింది. గోళెంలో నీళ్ళు నింపించి, మధ్యలో ఒక ఇటుక వేసి, ఇటుక మీద తాబేలుని నిలబెట్టాడు. మెడ దాకా నీళ్ళు. పాపం, అది తల పైకెత్తి, మెడ చాచి, మమ్మల్నందర్నీ చూసింది. తర్వాత మేత. కొల్లేటి చెరువుల్లో చేపలకి మేత వేసే పద్ధతి ఒకటుంది. తవుడూ, నూనె తీయగా మిగిలిన చెక్కా కలిపి సంచిలో పోసి, సంచి అడుగున కన్నాలు పొడిచి, చెరువు మధ్యలో పాతిన కర్రలకి నీళ్ళలో మునిగేలా కడతారు. చేపలు వచ్చి ఆ కన్నాల దగ్గర పొడుచుకు తింటాయి. మర్నాడు సంచి ఎత్తి చూస్తే తేలిగ్గా ఉందంటే చేప తిన్నట్టు. పెదనాన్న సరిగ్గా అదే చేశాడు. పాత దిండు గలేబులో తవుడూ వేరుశనగ చెక్కా పోసి, కన్నాలు పెట్టి, గోళెం మీద అడ్డంగా వెదురు కర్ర వేసి వేలాడదీశాడు. ఒక్క తాబేలుకి! మా హాల్లో! పొద్దున్నే ఆ సంచి ఎత్తి, "చూశావా అమ్మాయ్, తేలికైంది. తింటోంది" అనేవాడు. తేలిక కాక ఏమవుతుంది? తవుడంతా నీళ్ళలో కరిగి, గోళెం నిండా కుడితి తయారైంది. మూడో పూటకల్లా పులిసి, ఇల్లంతా గొడ్ల సావిడి కంపు. ఆ కుడితి ఎత్తిపోసి, గోళెం కడిగి, కుళాయి ఉన్న కాసేపట్లోనే మళ్ళీ నింపేది ఎవరు? అమ్మ. తాబేలుని తెచ్చినవాడూ, నిలబెట్టినవాడూ, సంచి ఎత్తి తీర్పు చెప్పినవాడూ పెదనాన్న. బిందెలు మోసింది మాత్రం అమ్మ.

అది తినడం లేదని ఎవరికైనా తెలుస్తుంది. కళ్ళు మూసుకుని ఇటుక మీద వేలాడుతూ ఉండేది. రోజురోజుకీ బరువు తగ్గి, ఎత్తితే ఖాళీ డిప్పలా తగిలేది. చివరికి పెదనాన్నకీ అనుమానం వచ్చింది. అప్పుడు చేయాల్సిందేమిటి? నీళ్ళలోంచి పైకి తీసి చూడటం. ఆయనేం చేశాడంటే, పెట్టె అడుగునుంచి ఏరేటరు మోటారు తీశాడు. "చేప మేత ముట్టలేదంటే ఆక్సిజన్ తగ్గినట్టు. ఇంతోటిదానికి ఇంత గాభరా ఎందుకర్రా?" అన్నాడు, గాభరా పడుతున్నది తనొక్కడే అయినా. ముక్కుతో గాలి పీల్చే జంతువుకి నీళ్ళలో గాలి కొట్టించాడు. బుడగల మధ్య అది గజగజ వణికింది. తర్వాత చెరువు నీళ్ళకి చల్లినట్టు సున్నం చల్లించాడు. తర్వాత చేపల మేత కంపెనీలో పనిచేసే పాత స్నేహితుణ్ణి పిలిపించాడు. ఆయన బ్యాగు తెరిచి, గాజు గొట్టంలో గోళెం నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, రంగు చూసి, "పీహెచ్ ఫస్టుక్లాసుగా ఉందండీ" అని పెసరట్టు తిని వెళ్ళాడు. ఆ గొట్టం పట్టుకున్న చేతికి జానెడు దూరంలో తాబేలు ఉంది. దాని వంక చూడలేదు. వీధిలో మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న, "ఏవండీ, తాబేలు తిందాండీ?" అని. అమ్మ తిందా అని ఆ ఇంట్లో ఎవరూ అడగగా నేను వినలేదు.

అమ్మకి దాని మీద జాలి ఎప్పుడు కలిగిందో నాకు తెలీదు. ఒక పొద్దున నేను కాలేజీ బస్సుకి తయారవుతుంటే, గోళెం కడగడం కోసం దాన్ని తీసి పెరటి వసారాలో పెట్టింది. ఎండ అప్పుడే గచ్చు మీదకి వచ్చింది. పక్కనే కూరకి తోటకూర కట్ట విప్పి పెట్టి ఉంది. తాబేలు చాలాసేపు కదల్లేదు. తర్వాత కళ్ళు తెరిచింది. మెల్లగా ఎండలోకి నడిచింది. అక్కణ్ణుంచి తోటకూర వైపు నడిచింది. మెడ చాచి, ఒక ఆకు అంచు పట్టుకుని, లాగి, నమిలింది. "అమ్మా, తింటోందే!" అని అరిచాను. "అరవకు. బెదురుతుంది" అంది అమ్మ. బిందె చేత్తోనే పట్టుకుని, కుళాయి పోతున్నా కట్టకుండా, అక్కడే నిలబడి చూసింది. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీనికేమన్నా పెద్ద చదువు కావాలా? ఎండలోకి నడిస్తే ఎండ కావాలని, ఆకు తింటే ఆకు కావాలని తెలుసుకోవడానికి రెండు కళ్ళుంటే చాలు. ఆ ఇంట్లో మగవాళ్ళకి నోళ్ళున్నాయి గానీ, ఆ రెండో సరంజామా లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ నెమ్మదిగా చెప్పింది. "బావగారూ, పొడి నేల మీద ఉంచితే అది ఆకు తింటోందండీ." పెదనాన్న ముద్ద ఆపి అమ్మని పైనుంచి కిందకి చూశాడు. "నీకేం తెలుసమ్మా? నీళ్ళ మీదే బతికినవాణ్ణి నేను. నేల మీద తాబేలేంటి, నలుగురూ నవ్విపోతారు. వాస్తు ఆయన నీళ్ళలో అన్నాడు, నీళ్ళలోనే ఉంటుంది." నేను ఉండబట్టలేక, "నీళ్ళలో ఉంటే చచ్చిపోతుందండీ పెదనాన్నా. మీ వాస్తు ఆయన్ని ఒక పూట ఆ గోళెంలో నిలబెట్టి చూడండి, ఏం తింటాడో" అన్నాను. నాన్న నా మీద ఇంతెత్తున లేచాడు. అన్నగారి మీద ఎన్నడూ లేవని గొంతు కూతురి మీద బ్రహ్మాండంగా లేచింది. అమ్మ చారు గిన్నె తీసుకుని, "సరేనండి బావగారూ" అంది. నాకు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంతేనా, ఇలా సరేనండి, అలాగేనండి అంటూనే ఈవిడ జీవితం వెళ్ళిపోతుందా అనుకున్నాను.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి నా సామాన్ల గది మారిపోయి ఉంది. మంచం కింద, తూర్పు కిటికీ ఎండ పడే మేర, ఇటుకలు పేర్చి మడి కట్టింది అమ్మ. దాన్నిండా ఆరిన ఇసుక. ఒక మూల పగిలిన కుండ పెంకు బోర్లించి గూడు చేసింది. కింద చలి కొట్టకుండా పాత ఏలూరు తివాచీ ముక్క ఒకటి వేసింది. కిటికీ చువ్వ నుంచి బల్బు ఒకటి కిందకి దింపి, ఎండ పోయాక వెచ్చగా ఉండేలా కట్టింది. తాగడానికి మట్టి మూకుడులో కాసిని నీళ్ళు, కాలు ముంచితే మునగనన్ని. తోటకూర, ములగాకు, మందార పువ్వు. పేపరు గట్టిగా చదివి, సిగరెట్టు కాల్చుకుని, పెదనాన్న టీకొట్టుకి బయల్దేరగానే తాబేలు గోళెంలోంచి ఇసుకలోకి వచ్చేది. భోజనానికి ఆయన గేటు తీసే చప్పుడుకి మళ్ళీ గోళెంలోకి. సాయంత్రం మళ్ళీ అదే. రాత్రి ఆయన గురక మొదలయ్యాక తెల్లారేదాకా ఇసుకలోనే. ఆ ఇసుక మడిలో అది తిన్న తీరు చూడాలి! మందార పువ్వు మూతికి అంటుకుని, ఎర్రగా, తాంబూలం వేసుకున్నట్టు ఉండేది. కళ్ళలో మెరుపొచ్చింది. ఎత్తితే బరువు తగిలింది. వేలు పెడితే లోపలికి ముడుచుకోవడం మానేసి, ఏం తెచ్చావన్నట్టు చూసేది.

సరే, తాబేలు కోలుకుంది. ఆ ఘనత ఎవరికి వెళ్ళింది? ఇంకెవరికి! గోళెంలో చురుగ్గా తల తిప్పుతున్న తాబేలుని చూపించి పెదనాన్న వీధంతా తిరిగాడు. "సంచి మేత, ఏరేషను. అంతేనండీ. సైన్సు." టీకొట్టులో అదే కథ. తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళికి వెళ్తే అక్కడా అదే కథ. అక్కడెవరో తమ ఇంట్లో కూడా తాబేలు తినడం లేదంటే, తవుడెంత, చెక్కెంత అని పాళ్ళు చెప్పి వచ్చాడు. ఆ దిక్కుమాలిన జీవి ఏమైపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. నాకు నోరు విప్పి నిజం చెప్పేయాలని ఉండేది. అమ్మ ఒకే మాట అనేది. "చెప్తే సామాన్ల గదికి తాళం పడుతుంది. నీకు గెలవాలనుందా, అది బతకాలనుందా?"

చివరికి ఆయన గొప్పే దాని ప్రాణానికి ముప్పు తెచ్చింది. గోళెం దగ్గర పిల్లలు మూగుతున్నారు, పిల్లి ముట్టుకుంటుంది, అందుకని పైన గాజు మూత బిగించి తాళం వేయిస్తానన్నాడు. తాళం చెవి తన మొలతాడుకే ఉంటుందట. కొలతలు కూడా ఇచ్చి వచ్చాడు. అద్దం వస్తే తాబేలు ఇక పైకి రాదు. నేను ఏడ్చాను, నాన్నతో పోట్లాడాను, అన్నం మానేశాను. "అన్నయ్య చెబుతున్నాడు కదా" అన్నాడు నాన్న. ఎవరూ కరగలేదు. అద్దం వచ్చే రోజు పొద్దున అమ్మ కాఫీ గ్లాసు పెదనాన్న చేతికిస్తూ, ఎప్పటి గొంతుతోనే, "బావగారూ, పక్కింటి టీచరుగారు అన్నారండీ. ఈ చుక్కల తాబేలు ఇంట్లో పెట్టుకుంటే ఫారెస్టు వాళ్ళు కేసు పెడతారంటండీ. నిజమో కాదో నాకు తెలీదండీ. మీకు తెలియని చట్టమా అనుకున్నాను" అంది.

అది నిజమే. కానీ నిజం కన్నా ఆ మాట పడిన చోటు చూడండి. కొల్లేట్లో ఫారెస్టు వాళ్ళు దగ్గరుండి గట్లు కొట్టించిన రోజు నుంచీ ఖాకీ చొక్కా కనపడితే చాలు, పెదనాన్నకి హడలు. పోస్టుమాన్ని చూసి కూడా ఒకసారి లోపలికి వెళ్ళిపోయాడు. కాఫీ లాల్చీ మీద ఒలికింది. "ఎవరెవరు చూశారు? నేను తెచ్చానని ఎవరన్నా చెప్పారా? తీసెయ్యండి. ఈ గంటలో తీసెయ్యండి. నాకు సంబంధం లేదు" అన్నాడు. ఎందరికో చెప్పుకుని తిరిగిన సైన్సు, ముప్పావు గ్లాసు కాఫీలో కరిగిపోయింది. ఆ సాయంత్రమే వాస్తు ఆయన దగ్గరికి పరుగెత్తి వెళ్ళొచ్చాడు. వచ్చి తేలిగ్గా నిట్టూర్చి, "ఇత్తడిది పెట్టినా అదే ఫలితమంట. ఇంకా మంచిదంట, మేత గొడవ ఉండదు" అన్నాడు. అంటే ఇన్నాళ్ళూ ఆ ప్రాణం ఆ కుడితి నీళ్ళలో వణికింది దేనికి? అడిగాను. మర్నాడే గోళెంలో ఇత్తడి తాబేలు వెలిసింది. పెదనాన్న దాని ముందు ఎంతో తృప్తిగా కూర్చునేవాడు. చెరువులు మాత్రం రాలేదు.

తాబేలుని అమ్మా నేనూ కూరల బుట్టలో తోటకూర పరిచి, పైన తుండు కప్పి, ఆటోలో తీసుకెళ్ళి ఫారెస్టు వాళ్ళకి అప్పగించాం. అక్కడున్న పెద్దాయన, "నీళ్ళు తెమ్మంటారాండీ దీనికి?" అని మర్యాదగా అడిగాడు. "వద్దండి బాబూ. ఎండ తగిలేలా పొడి చోట ఉంచండి, ఆకు వేయండి, మందార పువ్వంటే ఇష్టమండీ" అంది అమ్మ. దాన్ని మెట్ట ప్రాంతంలో వదులుతామని ఆయన చెప్పాడు. ఆయన చేతిలోకి ఇచ్చాక అది మెడ చాచి అటూ ఇటూ చూసింది. అమ్మ ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది.

ఆ రోజుల్లో ప్రాణమున్నదాన్ని బొమ్మలా నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు బొమ్మకి చూపుందని పక్కకి జరగమంటున్నారు. ఏది నయమో తేల్చుకోలేక, మొన్న ఆ గాజు గిన్నె పక్కన నిలబడి పెదనాన్న మాటలు వింటున్నాను. సంచి, కన్నాలు, ఏరేషను, అన్నీ వరసగా వచ్చాయి. ఫారెస్టు ఊసే లేదు. ఆఖర్న, "కావాలంటే మా మరదల్ని అడగండి, అన్నీ దగ్గరుండి చూసింది" అని అమ్మ వైపు చెయ్యి చూపించాడు. అందరూ తిరిగి చూశారు. ఇప్పుడైనా చెప్పేస్తుందనుకున్నాను. అమ్మ కొంగు సర్దుకుని, "అవునండి బావగారూ. మీరు సంచి కట్టేదాకా అది ఏమీ ముట్టలేదండి. మీలా చూసుకునేవాళ్ళు ఎవరుంటారండీ" అంది. చుట్టాలు తలలూపారు. పెదనాన్న ముఖం వెలిగిపోయింది.

తిరుగు దారిలో ఆటోలో నేను తిట్టిపోశాను. "ఎందుకమ్మా ఆ అబద్ధం? జీవితమంతా ఆయన ముందు సరేనండి, సరేనండి అంటూనే ఉన్నావు. ఇప్పుడు కూడా భయమేనా?" అమ్మ నన్ను వింతగా చూసింది. గృహప్రవేశంలో ఇచ్చిన తాంబూలం సంచిలోంచి అరటిపండు తీసి, వలిచి, సగం నా చేతిలో పెట్టింది.

"సరేనండి అన్నానే," అంది. "ఆయన చెప్పింది ఏనాడన్నా చేశానా?"